బాక్సు విప్పని బొమ్మ: పెద్దయ్యాక చూసిన టాయ్ స్టోరీ 2

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు. రివ్యూకి వచ్చిన ఫోన్ టేబుల్ మీదే ఉంది, బ్యాటరీ టెస్ట్ ఇంకా నడుస్తోంది. దాని సంగతి వచ్చే వారం చూద్దాం. ఈలోపు ఒక సినిమా గురించి మాట్లాడాలి. కొత్తదేం కాదు. 1999 నవంబర్‌లో వచ్చిన టాయ్ స్టోరీ 2. మీలో చాలామంది పుట్టకముందు సినిమా.

నేను దీన్ని మొదటిసారి స్కూల్లో ఉన్నప్పుడు చూశా. అప్పుడు గుర్తున్నవల్లా ఛేజ్‌లు, లిఫ్ట్ ఫైట్, ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేసుల మధ్య పరుగులు. పోయిన ఆదివారం మా ఏడేళ్ల పాపతో కూర్చుని మళ్లీ చూశా. పాప ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వింది. నేను మాత్రం చాలా చోట్ల నవ్వలేకపోయా. సినిమా అయ్యేసరికి మా బీరువా పై అరలో ఉన్న ఒక బాక్సు గుర్తొచ్చి, కాస్త సిగ్గుగా కూడా అనిపించింది. ఆ బాక్సు సంగతి చివర్లో చెప్తా.

గ్యాడ్జెట్ సైట్‌లో పిల్లల సినిమా గోల ఏంటి అంటారా? ఈ సినిమా మొత్తం వస్తువుల గురించే. కొత్త మోడల్ వస్తే పాతదాని గతేంటి, డ్యామేజ్ అయినదాన్ని బాగుచేయించాలా పక్కన పడేయాలా, సీల్ తీయని పీసుకి అంత రేటు ఎందుకు... మనం రోజూ కామెంట్లలో కొట్టుకునే విషయాలన్నీ ఇందులో ఉన్నాయి. తేడా ఒక్కటే, ఇక్కడ వస్తువులే నోరు తెరిచి మాట్లాడతాయి.

క్లైమాక్స్‌తో సహా అన్నీ చెప్పేస్తా. స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు ముందు సినిమా చూసి రండి, గంటన్నరే.

కథ క్లుప్తంగా

ఆండీ అనే పిల్లాడికి వుడీ అనే కౌబాయ్ బొమ్మ అంటే ప్రాణం. సమ్మర్ క్యాంప్‌కి తీసుకెళ్దామనుకున్న రోజే ఆడుతుంటే వుడీ భుజం దగ్గర కుట్టు ఊడిపోతుంది. ఆండీ వాడిని వదిలేసి వెళ్తాడు. వాళ్లమ్మ వుడీని పై షెల్ఫ్‌లో పెడుతుంది. అక్కడ దుమ్ములో వీజీ అనే పెంగ్విన్ బొమ్మ ఉంటుంది. నొక్కితే కీచుమనే దాని స్క్వీకర్ పాడైపోయింది. రిపేర్‌కి ఇచ్చానని అమ్మ పిల్లాడికి చెప్పింది కానీ, నిజానికి తీసుకెళ్లి షెల్ఫ్‌లో పెట్టేసింది. పిల్లాడు మర్చిపోయాడు.

ఇంట్లో పాత సామాన్లు అమ్మేస్తున్నప్పుడు వీజీని కాపాడబోయి వుడీ దొంగ చేతిలో పడతాడు. ఆ దొంగ అల్, ఓ పెద్ద బొమ్మల షాపు ఓనర్. అప్పుడు వుడీకి తెలుస్తుంది, తను 1950ల నాటి ఒక టీవీ షో హీరో అని, చాలా అరుదైన కలెక్టర్స్ పీస్ అని. ఆ సెట్‌లో మిగతావి జెస్సీ అనే కౌగర్ల్, బుల్స్‌ఐ అనే గుర్రం, స్టింకీ పీట్ అనే ముసలాయన. వుడీ దొరకడంతో సెట్ పూర్తయింది. ఇక అందరూ టోక్యోలో ఒక మ్యూజియంకి వెళ్లాలి. అద్దాల వెనక, దుమ్ము పడకుండా, శాశ్వతంగా.

ఇంటికి వెళ్తే ఆండీ ఇంకో నాలుగైదేళ్లు ఆడుకుంటాడు, తర్వాత పెద్దవాడైపోతాడు. మ్యూజియంకి వెళ్తే ఎప్పటికీ పాడవ్వవు. ఏది కావాలి? పిల్లల సినిమాలో అడిగే ప్రశ్నేనా ఇది?

సీల్ తీయని స్టింకీ పీట్

చిన్నప్పుడు నాకు స్టింకీ పీట్ విలన్ అంతే. ఇప్పుడు చూస్తే ఈ కథలో నాకు బాగా తెలిసిన మనిషి ఆయనే.

పీట్ ఒరిజినల్ బాక్సులోనే ఉంటాడు. ఒక్కసారి కూడా ఓపెన్ చేయని పీస్. అదే తన గొప్ప అన్నట్టు మాట్లాడతాడు. కానీ అసలు కథ వేరు. ఆయన్ని ఎవరూ కొనలేదు. చవక సామాన్ల కొట్టులో షెల్ఫ్ మీద కూర్చుని, పక్కనున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటీ అమ్ముడుపోతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఆ బాధకే తర్వాత మింట్ కండిషన్ అని పేరు పెట్టుకున్నాడు.

ఇది సినిమాలోనే జరిగే విషయం అనుకోకండి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్, 4 జీబీ మోడల్, సీల్ తీయనిది ఒకటి 2023 జూలైలో వేలానికి వచ్చింది. 1,90,000 డాలర్లకు పైగా పలికింది. కొత్తలో దాని ధర 499 డాలర్లు. అంటే దాదాపు 380 రెట్లు. కొన్నవాళ్లు దాంతో ఫోన్ చేసుకుంటారా? విప్పితే రేటు పోతుంది. పోనీ విప్పినా, అది అమెరికాలో అప్పట్లో పనిచేసిన ఏటీ అండ్ టీ 2జీ నెట్‌వర్క్‌ని 2017 మొదలయ్యేసరికే ఆపేశారు. తన కోసం పుట్టిన నెట్‌వర్క్‌నే ఎప్పుడూ చూడని ఫోన్ అది.

ఇక్కడొక తమాషా కూడా ఉంది. 1999లో ఈ సినిమా తీసిన పిక్సార్ కంపెనీకి పెద్ద స్టీవ్ జాబ్స్. 1986లో లూకాస్‌ఫిల్మ్ నుంచి కొన్నాడు. ఆ తర్వాత 2007లో ఆ ఐఫోన్‌ని స్టేజ్ మీద చూపించింది కూడా ఆయనే. సీల్ ప్యాక్ పిచ్చి మీద జోకులేసిన సినిమా కంపెనీ, సీల్ ప్యాక్‌లో లక్షల డాలర్లు పలికిన ఫోన్, రెండూ ఒకే మనిషి నీడలో పెరిగాయి.

ఇంకో విషయం, ఇది మన సబ్జెక్ట్. బాక్సులో పెడితే వస్తువు అలాగే ఉంటుందనేది భ్రమ. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. కొద్దికొద్దిగా ఛార్జ్ దానంతటదే పోతుంది. బాగా కిందికి పడిపోయి అలాగే ఏళ్లు ఉండిపోతే మళ్లీ ఛార్జ్ ఎక్కకపోవచ్చు, ఉబ్బొచ్చు కూడా. అందుకే చాలా రోజులు పక్కన పెట్టాలంటే సగం ఛార్జ్‌లో పెట్టి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి ఎక్కించమంటారు. అలా ఎక్కించాలంటే సీల్ తీయాలి కదా! అంటే సీల్ తీయని గ్యాడ్జెట్ బయటికి కొత్తగా కనిపిస్తూ లోపల పాడవుతూ ఉంటుంది. అచ్చం స్టింకీ పీట్ లాగే.

రెండు రిపేర్లు

సినిమాలో వుడీ చెయ్యి రెండుసార్లు రిపేర్ అవుతుంది. చిన్నప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మొదటిది అల్ పిలిపించే ముసలి రిపేర్ మాస్టర్ చేసే పని. ఆ మనిషిని పిక్సార్ వాళ్లు 1997లో తీసిన గెరీస్ గేమ్ అనే షార్ట్ ఫిల్మ్ నుంచి తెచ్చుకున్నారు. ఎన్నో సొరుగులున్న పెట్టె తెరుస్తాడు, భూతద్దం పెట్టుకుంటాడు, కళ్లు తుడుస్తాడు, చెవులు శుభ్రం చేస్తాడు, భుజానికి సన్నగా కుట్లు వేస్తాడు, బుగ్గలకి రంగు అద్దుతాడు. తొందరపెడితే ఒప్పుకోడు. గ్యాడ్జెట్ రిపేర్ వీడియోలు చూసే అలవాటున్నవాళ్లకి ఈ సీన్ పండగే. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా.

కానీ చివర్లో ఒక పని చేస్తాడు. వుడీ బూటు కింద పిల్లాడు రాసుకున్న ఆండీ అనే పేరు మీద రంగు పూసేస్తాడు. పేరు మాయం. ఇక వీడు ఎవరివాడూ కాదు, షోకేస్ పీస్. మన భాషలో చెప్పాలంటే డిస్‌ప్లే మార్చారు, పాలిష్ చేశారు, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు, రీఫర్బిష్డ్ గ్రేడ్ ఏ స్టిక్కర్ అంటించారు.

రెండోది సినిమా ఆఖరులో ఆండీ చేసే రిపేర్. వుడీ చెయ్యి మళ్లీ చిరిగిపోయి ఉంటుంది. క్యాంప్ నుంచి వచ్చిన పిల్లాడు తనకి చేతనైనట్టు కుడతాడు. దూది ఎక్కువ కూరడంతో ఆ చెయ్యి కండలు తిరిగినట్టు ఉబ్బిపోతుంది. కలెక్టర్‌కి చూపిస్తే సగం రేటు కూడా రాదు. వుడీకి మాత్రం ఆ చెయ్యే ఇష్టం.

ఈ సీన్ చూస్తుంటే నాకు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో ఫోన్ కింద పడిందంటే మా అందరికీ అదే దారి. మూరెడు కౌంటర్, మైక్రోస్కోప్, సోల్డరింగ్ ఐరన్, వెనకాల కుప్పగా డోనర్ బోర్డులు. అక్కడ బాగుచేసిన ఫోన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉండదు. ఏదో ఒక స్క్రూ తేడా ఉంటుంది, వెనక గ్లాసు రంగు కొంచెం మారుతుంది. కానీ ఫోన్ మళ్లీ మన జేబులోకి వస్తుంది, మన ఫొటోలతో, మన నంబర్లతో.

ఇప్పుడు పెద్ద పెద్ద చోట్ల కూడా రిపేర్ మాట వినిపిస్తోంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకాలు ఆపిన తర్వాత కూడా ఏడేళ్లు ముఖ్యమైన స్పేర్ పార్టులు దొరకాలి, కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావాలి. బాక్సు మీద రిపేర్ ఎంత సులభమో చెప్పే గ్రేడ్ కూడా వేయాలి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్ల మాట మనకీ అలవాటైంది. మంచిదే. కానీ ఏడేళ్ల అప్‌డేట్లు ఉన్న ఫోన్‌ని ఏడాదికే మార్చేస్తే వాటివల్ల మనకేం ఒరుగుతుంది?

సొరుగులో జెస్సీ

పాప మొదటిసారి సైలెంట్ అయింది జెస్సీ ఫ్లాష్‌బ్యాక్ దగ్గర. ఎమిలీ అనే అమ్మాయికి జెస్సీ అంటే లోకం. అమ్మాయి పెద్దదవుతుంది, మేకప్ సామాన్లు, ఫోను, స్నేహితురాళ్లు వస్తారు. జెస్సీ మంచం కిందికి దొర్లిపోయి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఒకరోజు ఎమిలీ చెయ్యి మంచం కిందికి వచ్చి మళ్లీ జెస్సీని పట్టుకుంటుంది. అంతా మళ్లీ మొదలైందనుకునేలోపు, దానంగా ఇచ్చేసే సామాన్ల పెట్టెలో పడుతుంది. ర్యాండీ న్యూమన్ రాసిన పాట నడుస్తుంటే ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. జెస్సీకి ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో ఒక్క డైలాగ్ లేదు.

ఎమిలీ చెడ్డ పిల్లేం కాదు. ఆమె ఏ తప్పూ చేయలేదు, పెద్దదైంది అంతే. ఈ సినిమాలో నాకు నచ్చిన నిజాయితీ అదే. వుడీ షో ఆగిపోవడానికి కూడా విలన్ లేడు. 1957లో స్పుత్నిక్ ఎగిరింది, పిల్లలందరికీ రాకెట్ బొమ్మలు కావాల్సి వచ్చాయి, కౌబాయ్‌లు పాతబడ్డారు. ఆ అంతరిక్షం పిచ్చి నుంచి వచ్చిన బొమ్మే బజ్ లైట్‌ఇయర్. మరి బజ్ పరిస్థితి? అల్ షాపులో ఒక నడవా నిండా వందల బజ్‌లు బాక్సుల్లో నిలబడి ఉంటారు. అందులో ఒకడికి కొత్తగా యుటిలిటీ బెల్ట్ ఉంటుంది. అదే బాడీ, అదే గొంతు, ఒక్క బెల్ట్ తేడా. మన బజ్ ఆ బెల్ట్ వంక ఆశగా చూస్తాడు. ఫోన్ లాంచ్ ఈవెంట్లు చూసి చూసి ఉన్నాను కాబట్టి ఇక్కడ మాత్రం పాప కంటే గట్టిగా నేనే నవ్వా.

ఎవరూ తెరిచి చూడని బ్యాకప్

సినిమా అయ్యాక పాపని పడుకోబెట్టి, దీని తెరవెనక కథ మళ్లీ చదివా. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కానీ సినిమా చూసిన రాత్రే చదివితే అది వేరేలా అర్థమైంది.

1998. సినిమా పని జోరుగా నడుస్తోంది. పిక్సార్‌లో ఎవరో సర్వర్‌లో ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ కమాండ్ కొట్టారు. లైనక్స్ వాడేవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఇచ్చిన ఫోల్డర్‌నీ, దాని లోపలున్న ప్రతి ఫోల్డర్‌నీ, ప్రతి ఫైల్‌నీ చెరిపేస్తూ పోతుంది. ఖాయమేనా అని అడగదు. రీసైకిల్ బిన్‌లో వేయదు. దాన్ని కొట్టింది సరిగ్గా సినిమా ఫైళ్లున్న చోట.

ఓరెన్ జేకబ్ అనే టెక్నికల్ డైరెక్టర్ అప్పుడు వుడీ ఫైళ్లు చూస్తున్నాడు. చూస్తుండగానే టోపీ ఫైల్ పోయింది, బూట్లు పోయాయి, తర్వాత వుడీయే పోయాడు. సర్వర్ ప్లగ్ పీకేయండని ఫోన్‌లో అరిచాడు. ఆపేసరికి సినిమాలో 90 శాతం మాయం.

సరే, బ్యాకప్ ఉంది కదా? ఉంది. టేపుల మీద క్రమం తప్పకుండా వెళ్తోందనే అందరూ అనుకున్నారు. తీసి చూస్తే నెల రోజులుగా అది సరిగా పనిచేయట్లేదు. రీస్టోర్ చేసి చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సినిమాని కాపాడింది ఇంకో కాపీ. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సస్‌మన్‌కి అప్పుడే బిడ్డ పుట్టాడు. ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఇంట్లో ఒక సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ పెట్టుకుని, సినిమా మొత్తాన్ని అందులోకి తెచ్చుకునేది. ఆమెకి అది గుర్తొచ్చింది. ఓరెన్‌తో కలిసి ఇంటికి వెళ్లి, ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి మెల్లగా నడుపుకుంటూ తెచ్చారు. పార్కింగ్‌లో ఎనిమిది మంది ఒక చెక్క పలక పట్టుకుని ఎదురొచ్చి, పల్లకీ మోసినట్టు మోసుకుంటూ మెషిన్ రూమ్‌లోకి తీసుకెళ్లారు. ఆ కాపీ కొద్ది వారాల పాతది. మిగిలిన తేడాలు మనుషులు కూర్చుని సరిచేసుకున్నారు. సినిమా తిరిగొచ్చింది.

ఇప్పుడు గమనించండి. భద్రంగా ఉండాలని పెట్టుకున్న కాపీ పోయింది, ఎందుకంటే దాన్ని ఎవరూ తెరవలేదు. పనికోసం రోజూ వాడుకుంటున్న కాపీ మిగిలింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో, ఎప్పుడంటే అప్పుడు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉన్న మెషిన్ అది. స్టింకీ పీట్‌కీ, వుడీకీ ఉన్న తేడా ఇదే కదా! ఆ టైమ్‌లో వాళ్లు రాస్తున్న కథ వాళ్ల మెషిన్ రూమ్‌లోనే నిజమైంది.

తర్వాత ఏం జరిగింది

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. నేనూ ఆపేసేవాణ్ని. కానీ అసలు బరువు తర్వాతి భాగంలో ఉంది.

అంత కష్టపడి కాపాడిన సినిమా బాగోలేదని పిక్సార్ పెద్దలకి అర్థమైంది. ఇది మొదట థియేటర్ కోసం కాకుండా నేరుగా వీడియోలో వేద్దామనుకున్న సీక్వెల్. కథని దాదాపు మొదటి నుంచీ మార్చి, తొమ్మిది నెలల్లో మళ్లీ తీశారు. అంటే దుప్పట్లో చుట్టి తెచ్చిన వాటిలో చాలా భాగం చివరికి తెర మీదికి రానేలేదు.

గెలిచారు. సినిమా 48 కోట్ల డాలర్లకు పైనే వసూలు చేసింది, గోల్డెన్ గ్లోబ్ తెచ్చుకుంది. కానీ ఆ తొమ్మిది నెలల ఖరీదు ఏంటో పిక్సార్ ప్రెసిడెంట్‌గా చేసిన ఎడ్ క్యాట్మల్ క్రియేటివిటీ ఇంక్ అనే తన పుస్తకంలో రాశాడు. సినిమా పూర్తయ్యేసరికి సిబ్బందిలో మూడో వంతు మందికి చేతులు, మణికట్లు దెబ్బతిన్నాయి. ఒక ఆర్టిస్ట్ బిడ్డని డే కేర్‌లో దింపాల్సింది, అలసటలో ఆ సంగతి మర్చిపోయి ఆఫీసుకి వచ్చేశాడు. బిడ్డ ఎండలో కారులోనే ఉండిపోయింది. అదృష్టం బాగుండి కాపాడగలిగారు. సినిమా ఎంత బాగా వచ్చినా ఆ రోజు తనకి మర్చిపోలేని పాఠమన్నది క్యాట్మల్ మాటల సారాంశం.

చెయ్యి చిరిగిన బొమ్మ గురించి ఇంత ప్రేమగా సినిమా తీస్తూ, తీసినవాళ్ల చేతులే పాడయ్యాయి. ఇది తెలిశాక ఆ కుట్టు సీన్‌ని మామూలుగా చూడలేకపోయా.

ఇంకో వార్త కూడా చెప్పాలి. 2023లో పిక్సార్‌లో 75 మంది ఉద్యోగాలు తీసేశారు. ఆ లిస్టులో గాలిన్ సస్‌మన్ కూడా ఉంది. ఆమె ప్రొడ్యూసర్‌గా చేసిన లైట్‌ఇయర్ 2022లో సరిగా ఆడలేదు. పాతికేళ్ల కిందట సినిమాని మోసుకొచ్చిందని ఏ కంపెనీ అయినా జీవితాంతం ఉద్యోగం ఇవ్వాలని నేననను. కానీ ఆ వార్త చదివినప్పుడు నా కళ్ల ముందు కనబడింది మాత్రం షెల్ఫ్ మీద వీజీ.

మరి జాగ్రత్త తప్పా?

ఇక్కడ మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. అన్నా, ఈఎంఐ మీద ఫోన్ కొన్నాం, రెండేళ్లకి అమ్మితేనే ఇంకోటి వస్తుంది, బాక్సు, బిల్లు, కేబుల్ జాగ్రత్తగా పెట్టుకోవడం తప్పా? తప్పేం లేదు. స్క్రీన్ గార్డ్ వేయండి, కవర్ వేయండి, బాక్సు దాచుకోండి. వుడీ కూడా చెయ్యి చిరగాలని కోరుకోలేదు. చిరుగుతుందని తెలిసి కూడా ఇంటికి వెళ్లాడు, అంతే.

షెల్ఫ్‌లో పెట్టడం కూడా దానికదే తప్పు కాదు. మన బొమ్మల కొలువునే చూడండి. కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు, అమ్మమ్మ కాలం నాటివి, అన్నీ మెట్ల మీద పేర్చి చూడ్డానికే. పిల్లల్ని ముట్టుకోనివ్వరు కూడా. అయినా అవి స్టింకీ పీట్‌లు కావు. ఎందుకంటే ఏడాదికోసారి, సంక్రాంతికో దసరాకో, ట్రంకు పెట్టె తెరుచుకుంటుంది. పాత చీర గుడ్డల్లోంచి ఒక్కొక్కటీ బయటికొస్తుంది. ముక్కు విరిగినదాన్ని అతికిస్తారు, రంగు పోయినదాన్ని దిద్దుతారు. పేరంటానికి వచ్చినవాళ్లు ఇది ఎప్పటిది అని అడుగుతారు, మా అమ్మ ఆ బొమ్మ కథ మొదలుపెడుతుంది. పెట్టెలో ఉన్నది పెట్టెలోనే మర్చిపోబడదు. టేపుల మీది బ్యాకప్‌ని కూడా ఎవరైనా ఇలా నెలకోసారి విప్పి చూసుంటే ఆ దుప్పట్ల ప్రయాణమే అవసరం ఉండేది కాదు.

ఆ బాక్సు సంగతి

ఇక మా బీరువా పై అర. అందులో ఒక మ్యూజిక్ ప్లేయర్ ఉంది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. తయారీ ఆపేస్తున్నారని తెలిసి, షాపులో మిగిలిన చివరి పీసుల్లో ఒకటి కొన్నా. సీల్ తీయలేదు. పదేళ్లకి దీని రేటు ఎక్కడికో వెళ్తుందని మా ఆవిడకి లెక్కలు కూడా చెప్పా. ఆమె అప్పుడు ఏమీ అనలేదు, ఒక చూపు చూసింది అంతే.

సినిమాలో స్టింకీ పీట్ గతి చూశాక పాప అడిగింది, "నాన్నా, ఆ తాతతో ఎవరూ ఆడుకోలేదా?" అని. చివర్లో ఆయన్ని ఒక పాప బ్యాక్‌ప్యాక్‌లో పడేస్తారు. ఆ పాపకి బొమ్మల మొహాల మీద రంగులు వేయడం సరదా. పీట్ కెవ్వుమంటాడు, మా పాప పగలబడి నవ్వింది. "ఇప్పుడు ఆడుకుంటారులే" అన్నా.

మర్నాడు బాక్సు దించా. సీల్ కట్ చేస్తుంటే నిజంగా చెయ్యి ఆగింది. కేబుల్ పెట్టా. పది నిమిషాలు ఏమీ లేదు. అరగంటకి స్క్రీన్ వెలిగింది. పాటలు ఎక్కించి చూస్తే ఫుల్ ఛార్జ్ మీద గంటన్నర కూడా రావట్లేదు. తప్పు నాదే. ఆరు నెలలకోసారి ఛార్జ్ పెట్టమని మీకు చెప్పే నేను, ఇన్నేళ్లలో ఒక్కసారి పెట్టలేదు. కొత్త బ్యాటరీ వేయించాలి. జగదీశ్ మార్కెట్‌లో అడిగా, వేస్తాం కానీ వెనక మూత మీద గీతలు పడొచ్చు అన్నాడు. పడనీ అన్నా.

పాపకి ఇచ్చా. వెంటనే మార్కర్ తెచ్చుకుని వెనకాల పేరు రాస్తానంది. "వద్దు" అనేశా, అలవాటులో. తర్వాత నేనే మార్కర్ మూత తీసి ఇచ్చా. మొదటి అక్షరం తిరగేసి రాసింది.

మీరు సినిమా చూసినా చూడకపోయినా ఈ ఆదివారం ఒక గంట ఇవ్వండి. మీ బ్యాకప్‌లోంచి ఒక్క ఫొటో రీస్టోర్ చేసి చూడండి, వస్తుందో లేదో తెలుస్తుంది. సొరుగులో పడున్న పాత ఫోన్ తీసి ఛార్జ్ పెట్టండి. ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జ్ పెట్టొద్దు, రిపేర్ షాపులో ఇచ్చేయండి. వెలిగితే, ఇంట్లో ఎవరికి పనికొస్తుందో అడగండి.

వచ్చే వారం ఆ ఫోన్ రివ్యూ పక్కా. ఈసారి ఒకటి మారుస్తున్నా. బాక్సు విప్పే వీడియో అర నిమిషంలో అయిపోతుంది. మూడు నెలలు వాడాక ఎలా ఉందో ఇంకో వీడియో కూడా చేస్తా.